బాజా బొమ్మ చూసి తీసుకున్న ఇల్లు

నాకు ముప్పై ఏళ్ళున్న ఆ కాలంలో ఇల్లు చూడడమంటే వంటగది చూడడమే అనుకునేదాన్ని. కుళాయి తిప్పితే నీళ్ళు రావాలి, పొగ పోవడానికి కిటికీ ఉండాలి, అంతే. ఈపాటి తెలివితో పద్నాలుగు మంది మగాళ్ళకి ఢిల్లీలో బస వెతకడానికి బయలుదేరానంటే, తలుచుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది. మాది కోస్తా నుంచి ఊరూరా తిరిగే పనివాళ్ళ ముఠా. మెట్రో స్టేషన్ల పైకప్పు రేకులు మార్చే పని. రైళ్ళు ఆగాకే పని మొదలు, తెల్లారితే నిద్ర. నా పెనిమిటీ ఆ ముఠాలోవాడే. వేరే ఊళ్ళో, పగలు నిద్ర చాలక, నిచ్చెన మీద కునుకు తీసి పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. నాకు వెనక్కి పోవడానికి చోటు లేదు. మేస్త్రిని బతిమాలుకుని వంటమనిషిగా ఉండిపోయాను.

"వదినా, వట్టి వంటకైతే కాంట్రాక్టరు మనిషిని పెట్టనివ్వడు. బస చూసే పని కూడా నువ్వే ఎత్తుకో. మనోళ్ళు పగలు పడుకోవాలి, ముందుగదిలో కాంట్రాక్టరు సారుకి ఆఫీసుండాలి. బాగా చూశావా, ఉంటావు. తేడా వచ్చిందా, నేనూ ఏం చెయ్యలేను," అన్నాడు మేస్త్రి.

మూడు రోజులు ఢిల్లీని ఆనుకునే ఉన్న వైశాలిలో బ్రోకర్ వెనకాల తిరిగాను. పద్నాలుగు మంది మగాళ్ళనగానే ఒకావిడ తలుపేసుకుంది. చేపలు వండుతామనగానే ఇంకొకావిడ ముక్కు మూసుకుంది (ఇంకా వండందే!). నాలుగో రోజు మధ్యాహ్నం బ్రోకర్ ఒక మేడ ముందు ఆపి, "ఆంటీజీ, ఏక్‌దమ్ శాంత్ జగహ్! ఇక్కడ పిట్ట కూడా కూయదు," అన్నాడు. నిజమే, చీమ చిటుక్కుమనలేదు. కింద ఏదో కొట్టు, షట్టరు వేసి ఉంది. బోర్డు మీద హిందీ. నాకు తెలుగే కూడబలుక్కుంటే గాని రాదు. అక్షరాల పక్కన మాత్రం బంగారు రంగు బూర బొమ్మ. మా ఊరి చర్చి గోడ మీద దేవదూత పట్టుకున్నది అచ్చం అలాంటిదే. ప్రభువే వేలుపెట్టి చూపించాడనుకుని, రోడ్డు మీదే కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పేశాను. (నేను చెబుతుంటే రాస్తున్న మా మేనకోడలు ఇక్కడ నవ్వుతోంది. నవ్వకే, రాయి.)

నెల రోజులు అందరూ హాయిగా గుర్రు పెట్టారు. ఒక పొద్దున వాళ్ళు అలా నడుం వాల్చారో లేదో, కింద షట్టరు గర్రున లేచింది. డప్పులు, బూరలు, తాళాలు, ఇరవై మంది ఒక్కసారిగా అందుకున్నారు. అది పెళ్ళి బ్యాండు మేళం కొట్టు! వాళ్ళ దేవుడు వానాకాలంలో నిద్రపోయి కార్తీకంలో ఏకాదశి నాడు లేస్తాడట, అప్పటిదాకా ఆ పక్క పెళ్ళిళ్ళు ఉండవట. ముహూర్తాలు చూసుకునే ఇంట పుట్టినదాన్ని కాదు, నాకేం తెలుసు? దేవుడు లేచాడు, మావాళ్ళ నిద్ర పోయింది. ఆఫీసుగదిలో సారు ఫోనెత్తితే అవతలివాళ్ళు "పెళ్ళిలో ఉన్నారా, తర్వాత చేస్తాం" అని పెట్టేసేవారు. మా ముఠాలో గెడకర్ర అని పిలిచే పొడుగాటివాడు ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, "అక్కా, మేళం ఎలాగూ వచ్చేసింది, నాకు పిల్లని చూసెయ్," అనేవాడు. అందరూ నవ్వేవారు. వారం తిరిగేసరికి నవ్వే ఓపిక కూడా పోయింది. అన్నం కలుపుతూ కలుపుతూ కంచంలోకే తూలేవారు. ఆ తర్వాత గెడకర్ర నిచ్చెన మీద కునికాడు. నడుముకి బెల్టుంది కాబట్టి గాలిలో వేలాడాడు. ఇంటికొచ్చి, "ఉయ్యాల ఊగానక్కా," అన్నాడు. ఒకడిని పోగొట్టుకున్నది చాలక, ఇంకొకడికి నా చేతులతోనే గొయ్యి తవ్వానా అని గుండెలు బాదుకున్నాను.

కిందకి పోయి బ్యాండు మాస్టరు కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఆయన పాపం కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, "దీదీ, నాలుగు నెలలు మా ఇళ్ళలో పొయ్యి సరిగా వెలగలేదు. ఇప్పుడు వాయించకపోతే ఎప్పుడు వాయిస్తాం? మీరే చెప్పండి," అన్నాడు.

పైకొచ్చి మేస్త్రితో అన్నాను: "తప్పు నాది. ఇంకో ఇల్లు చూసిపెడతాను, ఆ తర్వాత నన్ను పంపెయ్."

ఈసారి కుళాయి తిప్పలేదు, కిటికీ చూడలేదు. రెండు వీధుల అవతల ఖాళీ మేడలో చాప పరిచి, "పొద్దున్నించి సాయంత్రం దాకా ఇక్కడే పడుంటాను, చప్పుడు వింటాను," అన్నాను. ఇంటావిడ "పాగల్ హై క్యా?" అని బ్రోకర్‌ని అడిగింది. చెవులు రిక్కించి పడుకున్నాను. కూరగాయల బండివాడి కేక, పక్కింట్లో కుక్కర్ విజిల్, వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా మేస్త్రి, వెనకాల బ్రోకర్. బయట పొద్దు వాలిపోయింది.

"ఏం వదినా, చప్పుడుందా?"

"ఏమో మేస్త్రీ, నాకేం వినబళ్ళేదు."

మా ఆయన పోయిన ఏడు నెలల్లో నేను కంటినిండా నిద్రపోవడం అదే మొదలు. మేస్త్రి నా మొహం వంక చూశాడు. "ఠీక్ హై భయ్యా, ఇదే ఖాయం," అన్నాడు బ్రోకర్‌తో. నన్ను పంపే మాట ఇక ఎత్తలేదు. తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగినా ముఠాకి బస చూసింది నేనే, చాప చంకన పెట్టుకుని.

చెంప మీద చాప అచ్చులతో లేచి కూర్చున్న ఆ పిచ్చిమొద్దు ఇవాళ నాకు ఎదురుపడితే, తిట్టను. లేపను కూడా. దుప్పటి కప్పి, తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేస్తాను.