తలుపు అవతల ఒకాసాన్

మొన్న కొత్తగా పనికి కుదిరిన ఇంట్లో స్నానాలగది కడగబోయి, అంచుదాకా వేడినీళ్ళు పట్టి ఉన్న తొట్టినీ, దాని మీద లేస్తున్న ఆవిరినీ చూసేసరికి నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి. ఏమైందని ఇంటావిడ అడిగితే ఏమీ లేదని చెప్పి, ముందు వెళ్ళి తొట్టి బిరడా లాగేశాను. మన ఈడు వచ్చాక కీళ్ళనొప్పుల్లాగే భయాలు కూడా ఒంట్లో చోటు చేసుకుని, కాస్త గాలి మారితే చాలు, లేచి కూర్చుంటాయి కాబోలు.

కరోనా వచ్చిన ఏడాది సంగతి ఇది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఉమ్ అల్ క్వైన్‌లో ఒక అరబ్బుల ఇంట ఏళ్ళ తరబడి వంటా, పిల్లల పనీ చేసిన నేను, ఆ ఏడు మొదట్లోనే దుబాయ్‌లో ఒక జపాను దంపతుల ఇంట చేరాను. మేడమ్ గారి తల్లి కూతుర్ని చూడవచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయింది. మేడమ్ ఆమెను ఒకాసాన్ అని పిలిచేది, వాళ్ళ భాషలో అమ్మ అని అర్థమట. నేనూ అలాగే పిలిస్తే ముసలావిడ మొదట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి, ఆ తర్వాత పలకడం మొదలుపెట్టింది.

ఆ ఇంటి అలవాట్లు నాకు కొరుకుడు పడటానికి చాలా రోజులు పట్టింది. చెప్పులు విప్పి లోపలికి రావడం మనకూ ఉన్నదే గానీ, విప్పిన చెప్పుల్ని వాకిలి వైపు తిప్పి పెట్టాలన్న నియమం, అన్నం ముందు చేతులు జోడించడం, ఏ చిన్న పనికైనా తల వంచడం నాకు వింత. అన్నిటికన్నా వింత వాళ్ళ స్నానం. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళంతా శుభ్రంగా రుద్దుకుని కడుక్కున్నాకే వేడినీళ్ళ తొట్టిలో మెడదాకా దిగి కూర్చుంటారు. అవే నీళ్ళలో ఒకరి తర్వాత ఒకరు. ఒకాసాన్ రోజూ సాయంత్రం అలా కూర్చుని ఏదో కూనిరాగం తీసేది, అది వింటూ నేను వంట చేసుకునేదాన్ని.

ముందు సార్‌కి జ్వరం వచ్చింది, వెంటనే మేడమ్‌కి. తెల్లటి తొడుగులు వేసుకున్న మనుషులు వచ్చి ఇద్దరినీ తీసుకుపోతుంటే, మేడమ్ గుమ్మంలో నిలబడి తల్లి వైపు, నా వైపు మార్చి మార్చి చూసిన చూపు నేను మరువలేను. ముసలావిడకు నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. అంత ఎత్తు మేడలో మేమిద్దరమే మిగిలాం.

నాకు జ్వరం తగిలింది ఆ తర్వాతే. సజ్జాలో కూలీల కేంపులో ఉండే మా తమ్ముడికి ఫోన్ చేస్తే వాడు గొంతు తగ్గించి, "అక్కా, ఎవరితోనూ అనకు. మా కేంపు గేటు మూసేశారు. దగ్గినోణ్ణి దగ్గినట్టే బస్సెక్కించేస్తన్నారు, ఎక్కడికో తెలీదు. జ్వరమన్నావంటే ఖలాస్," అన్నాడు. నన్ను తీసుకుపోతే ముసలావిడ ఒక్కతే అయిపోతుంది. ఇక్కడే ప్రాణం పోతే నా వాళ్ళు నా మొహం కూడా చూడరు. ఈ రెండిట్లో దేనికి ఎక్కువ భయపడ్డానో ఇప్పటికీ చెప్పలేను. చివరికి ఆసుపత్రిలో ఉన్న మేడమ్‌కే చెప్పేశాను. ఆమె ఎవరెవరికో ఫోన్లు చేసి, ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ లేవని తెలుసుకుని, గది దాటి రావద్దని నాకూ, దగ్గరికి వెళ్ళొద్దని తల్లికీ చెప్పింది.

పని మనిషికి యజమానురాలి తల్లి వండి పెట్టడం మొదలైంది అప్పుడే. తలుపు మీద మెల్లగా తట్టి, పళ్ళెం కింద పెట్టి అవతలికి జరిగేది. మెత్తగా ఉడికిన గంజన్నం, మీద ఒక పుల్లటి ఎర్రని ఊరబెట్టిన పండు. నేను తింటున్నంతసేపూ అవతల కుర్చీ వేసుకుని వాళ్ళ భాషలో ఏదేదో చెప్పేది. నేను తెలుగులో మాట్లాడేదాన్ని. "ఒకాసాన్, నాకు బయమేస్తందండీ," అంటే, "దైజోబు, దైజోబు," అనేది. పర్లేదు అని అర్థం.

ఒక సాయంత్రం పళ్ళెం రాలేదు. కూనిరాగం కూడా లేదు, నీళ్ళు పడుతున్న చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది. పిలిచాను, మళ్ళీ పిలిచాను. కాసేపటికి నా తలుపు కింద నుంచి తడి పాకింది. తలుపు తీస్తే నా రోగం ఆమెకు అంటుతుంది, తీయకపోతే ఏమవుతుందో ఆ తడే చెబుతోంది. మాస్కు లాక్కుని స్నానాలగదిలోకి పరుగెత్తాను.

ఆవిరిలో ముందు ఏమీ కనిపించలేదు. ఒకాసాన్ తల ఒక పక్కకు వాలిపోయి, పెదవులు నీళ్ళను తాకుతున్నాయి. లేపబోతే నా జ్వరం ఒంటికి ఆమె బరువు లొంగలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకెత్తి, రెండో చేత్తో కుళాయి కట్టేసి, అడుగున బిరడా లాగాను. నీళ్ళు దిగుతున్నంతసేపూ, "యేసయ్యా, ఈ తల్లిని నా చేతుల్లో చంపకు," అని అరుస్తూనే ఉన్నాను. తువ్వాలు కప్పి చెంపలు తడితే కళ్ళు తెరిచింది. తెరిచి ఆమె చేసిన మొదటి పని, గడ్డం మీదికి జారిపోయిన నా మాస్కును వేళ్ళతో పైకి లాగడం.

మేడమ్‌కి ఫోన్ చేస్తే ఆమె పిలిపించిన అంబులెన్సు వాళ్ళు వచ్చి చూసి, వేడినీళ్ళకు రక్తపోటు పడిపోయిందనీ, ఇంట్లోనే ఉంచి కనిపెట్టుకోమనీ చెప్పి వెళ్ళారు. అసలు నరకం ఆ తర్వాత. ఇక తలుపులు వేసుకుని లాభం లేదని ఆమె మంచం పక్కనే చాప వేసుకున్నాను. ఆమె గొంతు సవరించుకుంటే నా ప్రాణం జారిపోయేది. అనుకున్నంతా అయింది, దగ్గు వచ్చింది. ఆ దగ్గు నేనిచ్చిందేనని ఏడుస్తూ గంజి కాచి తాగించాను. ఎలాగో దేవుడు చల్లగా చూశాడు. కొద్ది రోజుల్లో ఆమెకూ, నాకూ నెమ్మదించింది.

మేడమ్ తిరిగి వచ్చేనాటికి నా బట్టలు సంచిలో సర్దుకుని కూర్చున్నాను, పొమ్మంటుందని. ఆమె చెప్పులు విప్పి, నేరుగా నా ముందుకు వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు ఆన్చింది. ఎక్కడ తిడుతుందో అన్న భయంకంటే ఆ దండం నన్ను ఎక్కువ భయపెట్టింది. "అయ్యో, అలా చెయ్యకండమ్మా," అంటూ గోడకు అతుక్కుపోయాను. ఒకాసాన్ మా ఇద్దరినీ చూసి, అప్పటిదాకా ఒక్కసారీ ఏడవని మనిషి, ఏడ్చింది.

విమానాలు నడిచాక ఆమె వెళ్ళిపోయింది, కొన్నాళ్ళకు సార్‌కి బదిలీ అయి వాళ్ళూ వెళ్ళిపోయారు. ఒకాసాన్ నిరుడు నిద్రలోనే కన్నుమూసిందని మేడమ్ కబురు పంపింది.

ఇప్పుడు ఇంటర్నేషనల్ సిటీలో ఒక గదిని నలుగురైదుగురు ఆడవాళ్ళం తెరలు కట్టి పంచుకుంటున్నాం. అందరమూ తెలుగువాళ్ళమే. జ్వరమొస్తే ఒక మాత్ర వేసుకుని డ్యూటీకి పోతున్నాం, ఎవరికీ ఎవరిమీదా భయం లేదు, అది మంచిదే. సాయంత్రానికి తిరిగొచ్చి ఎవరి ఫోను వారు చెవిలో పెట్టుకుని పడుకుంటాం. పక్క తెరలో ఉన్న అమ్మాయి నిన్న ఎందుకు అన్నం తినలేదో నాకు తెలియదు, అడగలేదు కూడా. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఒక మనిషి మాటలు పొద్దస్తమానం చెవి ఒగ్గి విన్న కాలం నా జీవితంలో అదొక్కటే.