రాణిగారి కవచంలో సంజీవరావుగారు

సంజీవరావుగారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. నాటకంలో ఆడపాత్రకి కవచం చేస్తే, ముందు దాన్ని తనే తొడుక్కుని ఒక రోజంతా ఊరు తిరిగొచ్చేవారు. ఆ తర్వాతే ఎవరికైనా ఇచ్చేవారు.

ఊరంటే బెజవాడ. అదీ మే నెల బెజవాడ. ఆయనకి అరవై దగ్గర పడుతోంది. బొజ్జ, బట్టతల, గుబురు మీసం. వాటి మీద వీరవనిత కవచం, భుజాల మీద నెమలికన్నులు, నడుముకి మువ్వల పటకా. కింద మాత్రం ఇస్త్రీ మడత నలగని తెల్లపంచె. ఆ అవతారంలో చేతిసంచీ పట్టుకుని సిటీ బస్సెక్కేవారు.

"ఎక్కడండీ నాటకం?" అని ఎవరైనా అడిగితే, "నాటకమేం లేదు బాబూ, ఉల్లిపాయలకి వెళ్తున్నాను" అనేవారు.

ఒకసారి నేనూ అదే బస్సులో ఉన్నాను. ఆయన వెళ్ళి ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నారు.

"అది ఆడోళ్ళ సీటు, పెద్దాయనా" అన్నాడు కండక్టర్.

"కవచం ఆడవాళ్ళదేనయ్యా."

"కవచానికి టిక్కెట్టు కొట్టమంటారా, మీకు కొట్టమంటారా?"

ఇంతలో పక్కనున్న ఆవిడ "అబ్బా!" అని అరిచింది. భుజం మీది మొన గుచ్చుకుంది. వేరే ఎవరైనా అయితే క్షమించమని అడుగుతారు. ఈయన ముఖం వెలిగిపోయింది. "ఎక్కడ తగిలిందమ్మా? ఈ మొనా, ఆ మొనా? ఇంకోసారి తగిలించనా?" అన్నారు. ఆవిడ తర్వాతి స్టాపులో దిగిపోయింది. సాయంత్రానికల్లా ఆ మొనని గుండ్రంగా అరగదీసేశారు.

గవర్నరుపేటలో ఆయనది డ్రామా సామాన్ల కొట్టు. ఇంజనీరింగు మధ్యలో వదిలేసి నేను పెట్టిన నెట్ సెంటర్ దాని పక్కనే. మధ్యలో ఒక్క చెక్క అడ్డు. ఆయన సుత్తి దెబ్బలు నాకూ, నా కంప్యూటర్లో తుపాకీ మోతలు ఆయనకీ అలవాటైపోయాయి. ఒకరోజు టీ గ్లాసుతో వచ్చి, నేనాడుతున్న గేమ్ వైపు చూశారు.

"ఎవరయ్యా ఈ పిల్ల?"

"పెద్ద యోధురాలండీ. ఒంటి చేత్తో కోట పడగొడుతుంది."

"మరి కడుపు మీద ఏమీ లేదే?"

"అది స్టైలండీ."

"సరే, అక్కడ పొడవకూడదని శత్రువుకి చెప్పారా?"

ఆయన వెళ్ళిపోయారు. అప్పటిదాకా నిక్షేపంగా గెలుస్తున్న నేను వరసగా ఓడిపోయాను. ఎన్నిసార్లు చచ్చినా కడుపులో పోటే.

అలాగని ఆయనకి అందం అక్కర్లేదనుకోకండి. "ఇనప డ్రమ్ములో దింపితే ఎవరికైనా రక్షణే. డ్రమ్ములో రాణిని ఎవడు చూస్తాడు?" అనేవారు. రేకు, అట్ట, తోలు, అద్దాలు, తళుకులు, ఇవే ఆయన సరుకు. బరువంతా భుజాల మీద కాకుండా తుంటి పటకా మీద పడేట్టు కట్టేవారు. పక్కల బిగించుకోవడానికీ వదులు చేసుకోవడానికీ వీలుగా, లైట్లలో కనపడని నల్ల తోలు పట్టీలు వేసేవారు. చూసేవాళ్ళకి నడుము పిడికిలంత కనపడేది, లోపల మాత్రం మనిషి సుఖంగా ఊపిరి తీసుకునేంత చోటు. అది చూశాక, ఈయన పిచ్చివాడైతే మిగతా ఊరంతా ఏమిటా అని నాకు అనుమానమొచ్చింది.

రొయ్యల కూర వండుదామని ఆయన భార్య తెరేసమ్మగారు కూర్చుంటే, గిన్నె లాక్కున్న రోజొకటుంది.

"రొయ్యని చూడవే. ఒళ్ళంతా పెంకులే. అయినా వంగుతుంది, ఎగురుతుంది, ఎంత ముచ్చటగా ఉందో!"

"వండితే ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇటివ్వండి."

ఇవ్వలేదు. కూర వంకాయతో సరిపెట్టుకున్నారు. రొయ్య పెంకుల్లాగే ఒకదాని మీదొకటి జారే రేకులతో కవచం తయారైంది. ఆదివారం అది తొడుక్కుని చర్చికెళ్ళి, ప్రార్థనకి మోకరించి వంగారు. వంగడం బ్రహ్మాండంగా వంగింది. లేవడమే రాలేదు. పూజ అయిపోయింది, జనం లేచారు, ఈయన అలాగే ఉన్నారు. ఫాదర్‌గారు కళ్ళు తుడుచుకుని, "సంజీవరావుగారి భక్తి చూసి నేర్చుకోండయ్యా" అన్నారు.

"భక్తి కాదు ఫాదర్, రేకులు పట్టేశాయి. కాస్త చెయ్యెయ్యండి" అన్నారు తెరేసమ్మగారు.

ఇంకో అలవాటుంది. కవచంలో ఏ ఇబ్బందున్నా అది తన ఇబ్బందిగానే చెప్పేవారు. అదీ నాటకాల కాంట్రాక్టర్లంతా కొట్లో ఉన్నప్పుడు, గొంతెత్తి. "నాకు చంకలో ఒరుసుకుంటోంది!" "నాకు గుండెల మీద నొక్కేస్తోంది!" "ఇది తొడుక్కుని నేను బాత్రూముకెళ్ళాలంటే ముగ్గురు మనుషులు కావాలయ్యా!" కాంట్రాక్టర్లు విరగబడి నవ్వేవాళ్ళు. వేషాలు వేసే ఆడవాళ్ళు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. అదెందుకో నాకప్పట్లో తట్టలేదు.

రెండువేల మూడులో రామకోటేశ్వరరావు అనే కాంట్రాక్టర్ నా సెంటర్లోనే ఒక బొమ్మ రంగుల్లో ప్రింటు తీయించుకుని, తిన్నగా పక్క కొట్లోకెళ్ళాడు. వెనకే నేనూ వెళ్ళాను.

"సంజీవరావుగారూ, మన 'కోట మీద రాణి' నాటకంలో రాణి మందాకినికి ఈసారి ఇట్టాంటిది కావాలండీ. టీవీలొచ్చాక జనం రావట్లేదు. చల్లపల్లి ఆటకి ముందు వరసలో కుర్రాళ్ళు ఈలలెయ్యాల."

బొమ్మలో ఉన్నవి రెండు కొబ్బరిచిప్పలు, ఒక గొలుసు. మిగతాదంతా రాణిగారి ధైర్యం.

ఆ వేషం వేసే సుధామణి అక్కడే నిలబడి ఉంది. కాన్పయి మూడు నెలలు. గుమ్మం బయట వాళ్ళమ్మ కొండలమ్మ పసిపిల్లని భుజాన వేసుకుని ఊపుతోంది. ఏళ్ళ తరబడి మూడో చెలికత్తెగా పూలబుట్ట మోసి మోసి సంపాదించుకున్న రాణివేషం అది.

"కుదరదంటే ఇప్పుడే చెప్పమ్మా. తెనాల్లో ఇంకో అమ్మాయిని చూసి ఉంచా" అన్నాడు రామకోటేశ్వరరావు. "ఇంకో మాట. పిల్ల ఏడ్చిందనీ, పాలివ్వాలనీ మధ్యలో నాటకం ఆగిందా, అదే నీకు ఆఖరాట."

"కుదురుద్దండీ" అంది సుధామణి నేల చూపులు చూస్తూ.

సంజీవరావుగారు దెబ్బలాడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "బొమ్మలో ఉన్నట్టే చేస్తాను. గురువారానికి మీ ఇంటికే తెస్తా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

గురువారం తెచ్చారు. తొడుక్కుని తెచ్చారు. ఆ అవతారంతో గాంధీనగరం మీదుగా నడిచి వెళ్ళారు. నేను కొంచెం ఎడంగా, తెలియనివాడిలా వెనకే వెళ్ళాను. రామకోటేశ్వరరావు ఇంటి వరండాలో నాటకానికి చందాలిచ్చే పెద్దమనుషులు కాఫీ తాగుతున్నారు. రెండు చిప్పలు, వాటి కింద దిగుల్లేని బొజ్జ, బొజ్జ మీద గొలుసు.

"బొమ్మలో ఉన్నట్టే ఉందాండీ? ఒకసారి వెనక్కి తిరగనా?"

"వద్దు!" అన్నారు అందరూ.

"కూర్చుంటే చిప్ప గొంతుకి తగుల్తోంది. వంగితే..."

"వంగకండి!"

"ఈలలన్నారుగా, దారి పొడుగునా వేశారండీ. ఒకతను ఇంటి పేరు కూడా అడిగాడు."

ఒకాయనకి కాఫీ పొలమారింది. రామకోటేశ్వరరావు రెండు చేతులూ జోడించాడు. "మీకు తోచినట్టే చేసుకోండి మహాప్రభో. ముందు ఎవరన్నా ఆయనకో తువ్వాలివ్వండ్రా!"

అలా తయారైంది అసలు కవచం. మెడ కింద నుంచి తుంటి దాకా ఎర్ర రాగి రంగు రేకులు. ఈసారి వంగేవీ, లేచేవీ కూడా. గుండెల మీద రెండు పెద్ద మందారపువ్వులు. లైటు పడితే నిప్పు కణికల్లా మెరిసేవి. ఒక్కో పువ్వు కింద కొక్కెం. వేలితో తీస్తే పువ్వు చిన్న తలుపులా తెరుచుకునేది.

"ఈ తలుపులెందుకండీ?" అన్నాను.

"నా ముక్కుపొడుం డబ్బా చొక్కా జేబులో ఉంటుంది కదయ్యా. మాటిమాటికీ కవచం విప్పమంటావా?"

"మరి రెండెందుకు?"

"రెండు జేబులు" అన్నారు.

ఆ కవచంతో ఊరు తిరిగిన రోజు బస్సులో ఒక చిన్న గుమ్మడికాయని ఎత్తుకుని, ఒకసారి ఈ భుజం మీదికీ ఒకసారి ఆ భుజం మీదికీ మార్చుకుంటూ కూర్చున్నారు. పిచ్చి ముదిరిందని నేను కూడా నమ్మాను. అచ్చం అలాంటిదే తన కొలతకి ఇంకోటి చేసుకున్నారు. "ఆట రోజు నేనూ తొడుక్కుంటా. ఆవిడకి ఎక్కడ పట్టేస్తుందో నాకు ముందే తెలుస్తుంది" అన్నారు.

చల్లపల్లిలో ఆట సాయంత్రం మొదలైంది. పాటల రికార్డు వెయ్యడానికి నన్ను తీసుకెళ్ళారు. సుధామణి రంగం మీదికి రాగానే జనం చప్పట్లు కొట్టారు. ఈలలు కూడా పడ్డాయి. బొమ్మలోని పిల్లకి పడే ఈలలు కావవి.

రెండో రంగం చివర్లో, తెర వెనక నుంచి పసిపిల్ల ఏడుపు సన్నగా మొదలైంది. సుధామణి పద్యం మధ్యలో ఒకసారి అటు తిరిగి చూసింది. తెర పడింది. మళ్ళీ లేవడానికి ఉన్న వ్యవధి కోట సెట్టు తెచ్చి నిలబెట్టేంత. రామకోటేశ్వరరావు "ఊఁ, కానియ్యండి, కానియ్యండి!" అని చప్పట్లు చరుస్తున్నాడు. సుధామణి పిల్ల వైపు చూసింది, ఆయన వైపు చూసింది, కత్తి తీసుకుంది.

అప్పుడు రంగం మధ్య నుంచి కేక వినపడింది. "చచ్చాన్రోయ్! ఇరుక్కుపోయా!"

సంజీవరావుగారు. ఎర్ర కవచంతో సహా కోటగుమ్మానికి అతుక్కుపోయి ఉన్నారు.

"అక్కడికెందుకెళ్ళారండీ?" అని నెత్తి కొట్టుకున్నాడు రామకోటేశ్వరరావు.

"కోటలో గాలి ఆడుతోందో లేదో చూద్దామనీ..."

తెర లేపడానికి లేదు. లేపితే రాణి కోటలో బట్టతల. మంత్రి, సేనాపతి, శత్రురాజు, తెరలాగే రత్తయ్య, అందరూ వచ్చి లాగడం మొదలెట్టారు. "అమ్మో, నా నడుము! కాలు కాదు, చెయ్యి లాగండి! చెయ్యి కాదయ్యా, గుమ్మాన్ని లాగండి!" మగాళ్ళంతా ఆయన చుట్టూ ఉన్నారు. అవతల చీకటి మూల ఒక్కరు కూడా లేరు, సుధామణీ వాళ్ళమ్మా తప్ప. పిల్ల ఏడుపు ఠక్కున ఆగింది.

నేను పట్టకారుతో గుమ్మం వెనక్కి దూరాను. చూస్తే, ఆయన పటకా కొక్కెం గుమ్మం మేకుకి తగిలించి ఉంది. దాన్ని ఊడకుండా తన బొటనవేలితోనే అదిమి పట్టుకున్నారు.

"వేలు తీస్తే వచ్చేస్తారండీ" అన్నాను.

"తెలుసు. పిల్ల ఇంకా రెండో వైపు తాగలేదు. నోరు మూసుకుని లాగినట్టు నటించవయ్యా."

పట్టకారు నా చేతిలోనే ఉండిపోయింది. ఒరుసుకున్న చంకలు ఎవరివో, నొక్కేసిన గుండెలు ఎవరివో, నోరు విప్పి ఏ కాంట్రాక్టరుకీ చెప్పుకోలేనివాళ్ళ మాటల్ని ఇన్నేళ్ళూ మీసం పెట్టి అరిచిందెవరో, ఆ గుమ్మం వెనక కూర్చుంటే అర్థమైంది. నేను శక్తి కొద్దీ, ఆయన ఏమాత్రం కదలకుండా లాగాను.

మూల నుంచి కొండలమ్మ దగ్గింది. మరుక్షణం సంజీవరావుగారు నెయ్యి రాసినట్టు ఊడొచ్చారు. లాగుతున్న సేనాపతి వెళ్ళి శత్రురాజు ఒళ్ళో పడ్డాడు. తెర లేచింది. కోటగుమ్మంలో రాణి మందాకిని, గుండెల మీద మందారాలు మూసుకుని, కత్తి ఎత్తి నిలబడి ఉంది. ఆ రోజు శత్రురాజు నిజంగానే భయపడ్డాడని తర్వాత వాడే చెప్పాడు.

ఆట అయ్యాక రామకోటేశ్వరరావు కోటగుమ్మం దగ్గరికి వెళ్ళాడు. దాని మేకునీ, మూల నిద్రపోతున్న పిల్లనీ మార్చి మార్చి చూశాడు. తర్వాతి ఆట మైలవరంలో. ఆ ఆటకీ సుధామణే రాణి. తెర లేవబోయే ముందు ఆయన అందర్నీ పిలిచాడు.

"ఒరే రత్తయ్యా, మీరంతా కూడా ఇనండి. రెండో రంగం అవగానే సంజీవరావుగారు కోటగుమ్మానికి ఇరుక్కుంటారు. కొండలమ్మ దగ్గేదాకా ఎవరన్నా గట్టిగా లాగారో, ఊరుకోను!"