మొగ దగ్గర తాబేలు

నా చిన్నప్పుడు సముద్రపు పిట్టల్ని ఎవరూ సరదాకి చూసేవారు కాదు. ఇప్పుడు టూరిస్టులు బోటు కట్టించుకుని కెమెరాలతో వెళ్తున్నారు గానీ, మా ఐ.పోలవరం వైపు వేటకెళ్లేవాళ్లకి తెల్లపిట్టల గుంపు ఎక్కడ వాలితే అక్కడ చేప. ఆ పిట్టల్ని చూపిస్తానని మా తాతయ్య, అంటే నాన్నవాళ్ల నాన్న, ఒకరోజు నన్ను నావ ఎక్కించుకున్నాడు.

అప్పటికి మా నాన్న వేటకెళ్లి నెల దాటింది. నావ తిరగబడి దొరికింది, నాన్న దొరకలేదు. ఆ సంగతి నాకు చెప్పినవాళ్లు లేరు. మీ నాన్న చేపలా ఈదుతాడు, ఏ ఒడ్డునో ఉండుంటాడు, వచ్చేస్తాడు అనేవారు. పిల్లల్ని మభ్యపెట్టడంలో పెద్దవాళ్లు ఆరితేరినవాళ్లు. నేను నమ్మి రోజూ సాయంత్రం రేవులో నిలబడేదాన్ని. చీకటి పడ్డాక అమ్మ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది.

గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర పిట్టలు నీళ్లలోకి దూకి చేపలతో లేస్తున్నాయి. "ఈటికీ నీలాగే పొద్దున్నే ఆకలమ్మా" అన్నాడు తాతయ్య. చాలా రోజులకి నవ్వాను. కాస్త దూరంలో ఒక డాల్ఫిన్ పైకి లేచి మునిగింది. ఊపిరి పీల్చుకోవడానికి వస్తుందని చెప్పాడు.

తిరిగొస్తుంటే తెగిన వలముక్కలో చిక్కుకున్న పెద్ద తాబేలు తేలుతూ కనిపించింది. వలలో తాబేలు పడితే మావాళ్లు దేవుడని పసుపు కుంకుమ పెట్టి వదిలేస్తారు. తాతయ్య నావలో గంగమ్మకని ఉంచిన పొట్లం తీశాడు. వల కోసి చూస్తే అది చచ్చిపోయి ఉంది.

"దీనికి ఈతొచ్చు కదా తాతయ్యా?" అన్నాను.

"బాగా వచ్చమ్మా. వల పైకి రానిస్తే కదా. ఊపిరందకపోతే ఎంత ఈతొచ్చినా అంతే." నా మొహం చూడకుండా, "మీ నాన్నకీ అంతే అయ్యిందమ్మా. ఇంక రాడు" అన్నాడు.

ఇసకతిన్నె మీద గుంట తీసి, తాబేలుకి బొట్టు పెట్టి పూడ్చాం. నాతోనూ పిడికెడు ఇసక వేయించాడు. కన్నకొడుక్కి ఆమాత్రం చేసే రాత ఆయనకి లేకపోయిందని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు. "ఏడవమ్మా, నేనూ ఏడుస్తాను" అన్నాడు. పొద్దెక్కేదాకా అక్కడే ఉండిపోయాం.

ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా పోయినవాళ్లు ఏరని పిల్లలు అడిగితే, ఊరెళ్లారని చెప్పడానికి నాకు నోరు రాదు. ఉన్నమాట చెప్తాను. చెప్పి, లేచిపోకుండా, వాళ్ల ఏడుపు అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను.