ఒంటి రంగు ఏ పార్టులో ఉంటుంది?

కంప్యూటర్ ముందు కూర్చుంటే టచింగక్కకి రాని పని లేదు. కంప్యూటర్ లోపల ఏముందో మాత్రం ఆమెకు తెలియదు. పెళ్లికి ముందు ఒక ఫొటో స్టూడియోలో చేరి, కూతురు హైస్కూలుకి వచ్చేదాకా అదే కుర్చీలో కూర్చుని జనం మొహాలు బాగుచేసింది. మొటిమలు తీసేసింది, కళ్ల కింద నలుపు తుడిచింది, ఫొటో తీసే వేళకి రెప్ప వేసినవాళ్లకి కళ్లు తెరిపించింది. స్టూడియోల్లో ఆ పనిని టచింగ్ అంటారు. అందుకే మా వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె టచింగక్కే.

ఆ కంప్యూటర్ ఓనరుది. అది మొరాయిస్తే మెకానిక్ వచ్చేవాడు, ఓనరు పక్కన నిలబడేవాడు, "నువ్వు కాసేపు బయట కూర్చోమ్మా" అని ఈమెను పంపేసేవారు. దాని మీద అన్నేళ్లు బతికిన మనిషిని దాని మూత తీసేటప్పుడు మాత్రం గుమ్మం బయట కూర్చోబెట్టడం ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆమెకూ తోచలేదు. ఇలా చాలామందిని బయట కూర్చోబెట్టి, తర్వాత వాళ్లకేమీ తెలియదని నవ్వడం మనకి అలవాటే.

చివరికి స్టూడియో మూతపడింది. ఆఖరి నెల జీతానికి బదులు ఓనరు పాత మానిటర్ ఆమె చేతిలో పెట్టాడు. "మంచి స్క్రీన్ అమ్మా, నీ కళ్లకి అలవాటైంది కూడా" అన్నాడు. జీతానికి మానిటర్ సమానమెలా అవుతుందని ఆమె అడగలేదు. వీధిలో మేమంతా అడిగాం, కానీ ఆయన ముందు కాదు.

ఊరి చివర ఆల్బమ్‌లు అచ్చువేసే ప్రెస్ ఒకటుంది. దాని మేనేజర్ ఆమె పని గురించి విని కబురు పెట్టాడు. "సొంత కంప్యూటర్ ఉంటే పని ఇంటికే పంపిస్తాం. ముందు ఒక్క ఆల్బమ్ చేసి చూపించండి. నచ్చితే ఏడాది పొడుగునా పని" అన్నాడు. అది దొరక్కపోతే ఆమెకున్న దారి సూపర్ మార్కెట్లో నిలబడి పప్పులూ చక్కెరా పొట్లాలు కట్టడం. కూర్చుని పనిచేసి బిగుసుకుపోయిన మోకాళ్లు రోజంతా నిలబడనిచ్చేట్టు లేవు. కాబట్టి కంప్యూటర్ కావాలి, అదీ తక్కువలో.

ఆమె డబ్బు చాలలేదు. తమ్ముడు సగం వేసుకుంటానన్నాడు. ఇంటింటికీ పార్సిళ్లు అందించే ఉద్యోగం అతనిది. ఇంట్లోకి వచ్చాక కూడా తల మీద నుంచి తీయడం మరిచిపోతాడు గనక వీధిలో అతన్ని హెల్మెట్ అంటారు. సగం వేస్తానన్నది ఊరికే కాదు. పగలు అక్క పని, సాయంత్రం తమ్ముడి ఆటలు. బండి రేసుల ఆటంటే అతనికి ప్రాణం.

"రోజంతా బండి తోలి ఇంటికొచ్చి మళ్లీ బండే తోలతావా?" అంది అక్క.

"అక్కడ పార్సిల్ ఉండదక్కా. ఎవడూ స్టార్లు తగ్గించడు."



అక్కడినుంచి అయోమయం మొదలైంది. తమ్ముడి స్నేహితుడొకడు గ్రాఫిక్స్ కార్డే ముఖ్యమన్నాడు. ఇంకొకడు ముందు ర్యామ్ చూడమన్నాడు. ఫోన్లో వీడియోలు చూస్తే ప్రతివాడూ తను చెప్పిందే సరైనదనీ, మిగతావాళ్లు చెప్పింది కొంటే మునిగిపోతామనీ బెదిరించాడు. ఆటలకి ఒక ప్రాసెసర్ మంచిదట, ఫొటో పనికి ఇంకొకటి మంచిదట, రెండూ కావాలంటే మూడోది ఉందట, అది మన అందుబాటులో లేదట. ఆమె రాత్రి పడుకునేటప్పటికి అంతా అర్థమైనట్టుండేది, పొద్దున లేచేసరికి ఒక్కటీ గుర్తుండేది కాదు.

ఇద్దరూ షాపుకి వెళ్లారు. అట్టపెట్టెలు కప్పుదాకా పేర్చిన ఇరుకు గది. షాపతను కుర్చీ చూపించింది అక్కకి, మాట్లాడింది తమ్ముడితో.

"మేడమ్‌కి ఏ పని కోసం బ్రదర్?"

"మేడమ్ ఇక్కడే ఉంది, ఆమెనే అడగండి" అన్నాడు హెల్మెట్.

అతను అడగలేదు. కౌంటర్ మీద డబ్బాలు పేర్చుకుంటూ పోయాడు. "ఈ ప్రాసెసర్‌కి ఆ బోర్డు పట్టదు బ్రదర్. ఆ బోర్డు తీసుకుంటే ఈ ర్యామ్ పట్టదు. ఈ కార్డు పెడితే పవర్ సప్లై పెద్దది కావాలి. అది పెడితే ఈ క్యాబినెట్ చాలదు."

"ఒకదానికొకటి పడనివాటిని ఒకే అరలో ఎందుకు పెట్టారు?" అంది టచింగక్క.

షాపతను నవ్వాడు. ఆమె హాస్యమాడలేదు. నిజంగానే తెలుసుకోవాలనుకుంది.

ఆమె ఇంకో ప్రశ్న వేసింది. వారం రోజులుగా మనసులో నలుగుతున్నది అదే. "ఒంటి రంగు ఏ పార్టులో ఉంటుందండీ? మనిషి చర్మం ఉన్నది ఉన్నట్టు కనబడాలంటే దేనికి ఎక్కువ పెట్టాలి?"

"అన్నీ కలిస్తేనే కనబడుతుంది మేడమ్" అన్నాడు షాపతను, తమ్ముడి వైపు చూసి కన్ను గీటుతూ.

"కార్డులోనే అక్కా" అన్నాడు తమ్ముడు. అతను అబద్ధమాడాలని అనలేదు. బొమ్మని తయారుచేసేది కార్డైతే రంగు కూడా అందులోనే ఉండాలని నిజంగానే నమ్మాడు. నమ్మడం అతనికి లాభం కూడా. ఆమెకూ అది సబబుగానే తోచింది. బొమ్మలకి సంబంధించిన కార్డు, బొమ్మలకి సంబంధించిన పని. అనుమానపడటానికి ఏముంది?

అలా డబ్బులో పెద్ద భాగం ఒకరు వాడి ఇచ్చేసిన గ్రాఫిక్స్ కార్డుకి పోయింది. దానికి రెండు ఫ్యాన్లు, ఎర్ర లైటు.

"మానిటర్ ఏది చూపించమంటారు?" అన్నాడు షాపతను.

"ఇంట్లో ఉంది, నాకు అలవాటైనదే" అంది ఆమె.

ఆ మాటతో మానిటర్ సంగతి అక్కడితో ముగిసిపోయింది.

మొదటి సాయంత్రం ఇంట్లో సంబరం. తమ్ముడి బండి కొండదారుల్లో దూసుకుపోతుంటే మేనకోడలు పక్కన కూర్చుని "మామయ్యా, ఇక్కడ కూడా హెల్మెట్ పెట్టుకున్నావే" అని వెక్కిరించింది. మర్నాడు ప్రెస్ వాళ్లు పంపిన ఆల్బమ్ పని మొదలైంది. ఒక ఆస్పత్రి నర్సుల ఫొటోలు. ఫైళ్లు చిటికెలో తెరుచుకుంటున్నాయి. స్టూడియోలో ఫైలు సేవ్ అయ్యేలోపు ఆమె టీ తాగి వచ్చేది. ఇక్కడ మంచినీళ్లు తాగేంత తీరిక కూడా దొరకలేదు. నర్సుల యూనిఫాం కాస్త పసుపుగా కనబడింది. తెల్లగా లాగింది. మొహాల్లోనూ పసుపు కనబడింది. అదీ తగ్గించింది. ఎన్నో ఏళ్లుగా చేస్తున్నదే, చేయి దానంతటదే కదిలిపోయింది.

ఫైళ్లు పంపిన రెండు రోజులకి మేనేజర్ పిలిపించాడు. అచ్చు కాగితాలు బల్ల మీద పరిచి అడిగాడు. "వీళ్లు ఆస్పత్రిలో పనిచేసేవాళ్లా, చేరినవాళ్లా అమ్మా?"

ఆమె వంగి చూసింది. నర్సులందరూ నీలంగా పాలిపోయి ఉన్నారు. యూనిఫాం నీలిమందులో ముంచినట్టుంది. ఇవి తను చేసినవి కావనిపించింది. కానీ ఆ మూడో వరసలో చెదిరిన జుట్టు సర్దింది తనే, గుర్తుంది.

"మా ఇంట్లో బాగానే ఉన్నాయండీ."

"అచ్చు మీ ఇంట్లో వేయం కదమ్మా. ఇంకొకసారి చేసి తెండి. ఈసారీ ఇలాగే ఉంటే నేను ఇంకొకరిని చూసుకోవాలి."

దారి పొడుగునా ఆమెకు ఏమీ పాలుపోలేదు. స్టూడియోలో ఇదే స్క్రీన్, ఇదే కన్ను, ఇదే చేయి. అక్కడ ఒక్క ఫొటో కూడా తిరిగి రాలేదు. మారినవి లోపలి పార్టులే. కాబట్టి తప్పు కార్డుది. ఇంటికొచ్చి అదే అంది. తమ్ముడికి మొహం మాడిపోయింది.

"నా కార్డుకి నీలం పిచ్చేమీ లేదక్కా."

"మరి నా కంటికుందా?"

"నేనలా అన్నానా?"

 తర్వాత బండి మీద తమ్ముడు ముందు, క్యాబినెట్ ఒళ్లో పెట్టుకుని అక్క వెనక, మళ్లీ షాపుకి వెళ్లారు. షాపతను క్యాబినెట్‌ని తన బల్ల మీది మానిటర్‌కి తగిలించాడు. నర్సులు కనబడ్డారు, ప్రెస్‌లో చూసినట్టే నీలంగా.

"కార్డు మంచిదే. ఇందులో ఉన్నదే నీలం" అన్నాడు షాపతను. "మీ ఇంట్లో మానిటర్ ఎన్నాళ్లది మేడమ్?"

ఈసారి ఆమెతోనే మాట్లాడాడు. ఆమె స్టూడియో సంగతి చెప్పింది. అతను బుర్ర గోక్కున్నాడు. "పాతబడితే స్క్రీన్ పసుపెక్కుతుంది మేడమ్. పసుపులో చూసి మీరు నీలం కలిపారు. మీ ఓనరు తన ప్రింటర్‌లో దానికి సరిపడా పసుపు పెట్టుకుని ఉంటాడు. రెండు తప్పులూ కలిసి అక్కడ సరిపోయాయి. కార్డు బొమ్మని పంపుతుందంతే, రంగు చూపించేది మానిటర్."

"నేను ఆరోజు అడిగిందదే కదండీ."

షాపతను కాసేపు డబ్బాలు సర్దాడు. "అడిగారు" అన్నాడు.

రంగు గురించి ఆమె అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. దానికి ఇద్దరు మగవాళ్లు, ఒకరు నవ్వుతూ ఒకరు ప్రేమతో, తప్పు జవాబిచ్చారు. ప్రేమతో చెప్పినంత మాత్రాన తప్పు జవాబు ఒప్పైపోదు. జీతం ఎగ్గొట్టి పసుపెక్కిన మానిటర్ అంటగట్టినవాడి సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

కొత్త మానిటర్‌కి డబ్బు లేదు. మిగిలిన దారి ఒక్కటే. ఆ కార్డు వెనక్కిచ్చి చిన్న కార్డు తీసుకుంటే, మిగిలిన దాంట్లో రంగులు సరిగా చూపించే మానిటర్ వస్తుంది. ఆమె ఆ మాట అనలేదు. ఎర్ర లైటు కేసి చూసింది. హెల్మెట్ కూడా దానికేసే చూశాడు.

"చిన్న కార్డులో బండి నడుస్తుందా?" అని అడిగాడు షాపతన్ని.

"నడుస్తుంది బ్రదర్. చెట్లు కాస్త మసకగా కనబడతాయి."

"చెట్లు చూడటానికి వెళ్తానా ఏంటి" అన్నాడు, కానీ గొంతులో సరదా లేదు. అక్క అతని భుజం మీద చేయి వేసింది. అతను హెల్మెట్ సర్దుకున్నాడు.

కొత్త స్క్రీన్ వచ్చింది, అయోమయం మాత్రం పోలేదు. ఇప్పుడు నర్సుల అసలు ఫొటోలు తెరిస్తే అందరూ మరీ పసుపుగా, మరీ నల్లగా తోస్తున్నారు. చేయి మళ్లీ నీలం వైపు పోతోంది. ఏది నిజమో ఆమెకు అంతుపట్టలేదు. అన్నేళ్లు పసుపు వెతికి తుడవడానికే అలవాటుపడ్డ కళ్లు, దాని మీద స్టూడియో నేర్పిన పాఠం, "తెల్లగా చేయమ్మా, కస్టమర్ సంతోషిస్తాడు". ఎంతమంది ఒంటి రంగుని అలా తుడిచేసిందో లెక్కపెట్టబోయి మధ్యలోనే ఆపేసింది. ఆ పాఠం ఓనరు ఒక్కడిదే కాదు. అద్దం ముందు నిలబడ్డ ప్రతి ఆడపిల్లకీ మనమంతా కలిసి చెప్పేదే.

"ఒరే, ఇటు రా" అని పిలిచింది. ఫోన్‌తో తమ్ముడి చేతిని ఫొటో తీసి స్క్రీన్ మీద పెట్టింది. "చేయి దీని పక్కన పెట్టి కదలకుండా కూర్చో."

అతను చొక్కా చేయి పైకి మడిచాడు. మోచేతి దాకా ఎండకి కమిలిన ముదురు రంగు, ఆపైన ఇంకో రంగు.

"ఇందులో నీ రంగేదిరా?"

"కిందిది ఉద్యోగానిది, పైది అమ్మది" అన్నాడు.

మేనకోడలు పడీపడీ నవ్వింది. టచింగక్క రెండు రంగులూ స్క్రీన్ మీద సరిగ్గా కనబడేదాకా చేతినీ బొమ్మనీ మార్చి మార్చి చూసింది. నర్సుల పని జరిగినంతసేపూ, చేయి నీలం వైపు పోతోందని అనుమానం వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి పిలిచింది. ఆటకని కూర్చునే వేళంతా అతను చేయి చాపుకుని కూర్చున్నాడు. "కార్డూ పోయింది, చేయీ పోయింది" అని గొణిగాడు గానీ లేవలేదు.

రెండోసారి అచ్చు చూసి మేనేజర్ కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఒకచోట ఆగాడు. మూడో వరసలో నల్లటి అమ్మాయి. "రంగులు బాగా కుదిరాయి. ఈ అమ్మాయిని కాస్త తెల్లగా చేయాల్సింది కదా. నల్లగా పడ్డానని అంటుందేమో."

ఆ అమ్మాయిని టచింగక్క ఎన్నడూ చూడలేదు. అడగనూ లేదు.

"ఆ అమ్మాయే అంటే చేస్తానండీ. మనం ముందే ఎందుకు అనుకోవడం?"

మేనేజర్ ఆమె మొహం కేసి ఒకసారి, కాగితం కేసి ఒకసారి చూశాడు. తర్వాత అర తెరిచి ఇంకో ఆల్బమ్ ఫైళ్లున్న పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "ఇదీ చేయండి. పని మాత్రం మీకే వస్తుంది, ఆ అమ్మాయి సంగతి చూద్దాం."

బయట బండి మీద తమ్ముడు కాచుకుని ఉన్నాడు. ఏమన్నారని అడిగాడు.

"పని ఇచ్చారు. తెల్లగా చేయమన్నారో వద్దన్నారో మాత్రం నాకు అర్థం కాలేదు" అంది టచింగక్క వెనక ఎక్కుతూ. "సాయంత్రం పెందలాడే రా. చేయి కావాలి."