సందులేని నవ్వు

పిండిబొమ్మకు ఆ పేరు పెట్టింది ల్యాబ్ మాస్టరు బామ్మర్ది. వాడు జీవితంలో సొంతంగా చేసిన పని అదొక్కటే కాబట్టి, ఆ కీర్తి వాడికి ముందే ఇచ్చేసి పక్కకు జరగమనడం మంచిది.

పొద్దున నల్లటి జడతో ల్యాబ్ మెట్లెక్కిన పిల్ల సాయంత్రం అవ్వలా తెల్లజుట్టుతో దిగుతుంది. తల మీద, కనుబొమల మీద, చెవి తమ్మెల మీద ప్లాస్టర్ పొడే. ఒకసారి వానలో తడుస్తూ ఇంటికి బయల్దేరితే ఆ పొడి దారిలోనే గట్టిపడిపోయిందట. వీధి మలుపులో నిలబడిన ఆమెను విగ్రహమనుకుని కాకి ఒకటి భుజం మీద వాలి కునుకు తీసిందని కింది సైకిల్ షాపువాడు ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. నమ్మకపోతే పోండి, కాకికేం నష్టం లేదు.

అది కట్టుడుపళ్ళు చేసే ల్యాబ్. పళ్ళ డాక్టర్లు ముసలివాళ్ళ నోటి అచ్చులు తీసి పంపుతారు. ఇక్కడ వాటిలో ప్లాస్టర్ పోసి దవడ తయారు చేస్తారు. దవడ మీద మైనం పరిచి, మైనంలో పళ్ళు పేరుస్తారు. ఆ తర్వాత మైనాన్ని కరిగించేసి, దాని చోట గులాబీరంగు ప్లాస్టిక్‌ను ఉడికించి, పాలిష్ పెట్టి పంపేస్తారు. ఇందులో ప్లాస్టర్ పోయడం గాడిద చాకిరీ. పళ్ళు పేర్చడమే అసలు విద్య. ఆ విద్య కిటికీ దగ్గర కుర్చీలో జరుగుతుంది. ఆ కుర్చీ మాస్టరుది. పిండిబొమ్మది సింకు పక్కన కాళ్ళు సమంగా లేని స్టూలు.

ఆమె డిగ్రీ చదివింది. చాలదన్నట్టు పళ్ళ టెక్నీషియన్ కోర్సు కూడా చదివింది. చదువు మధ్యలో వదిలేసినవాళ్ళకు ఈ తిప్పలుండవు. వాళ్ళు ఎందుకూ పనికిరారని ముందే తేలిపోతుంది కాబట్టి, జాలిపడి ఎవరో ఒకరు పని నేర్పేస్తారు. బాగా చదివినవాళ్ళతోనే చిక్కు. వీళ్ళు ఎక్కడ పనికొచ్చేస్తారోనన్న భయం యజమానికి తీరేదాకా ప్లాస్టర్ కలుపుతూ ఉండాల్సిందే.

"మాస్టారూ, నాకు పళ్ళు పేర్చడం ఎప్పుడు నేర్పిస్తారు?"

"తొందరెందుకమ్మాయ్? చూస్తూ ఉండు. చూపుతోనే సగం పని వస్తుంది."

"మిగతా సగం?"

"ఓపికతో వస్తుంది."

ఓపిక పట్టీ పట్టీ ఆమె చేతులకే పళ్ళొచ్చేలా ఉన్నాయి గానీ పని మాత్రం రాలేదు. పోనీ వేరే ల్యాబ్‌లో అడుగుదామా అంటే అక్కడ ఇంకో వేదాంతం. వంతెన అవతల పెద్ద ల్యాబ్ నడిపే కళ్ళద్దాలావిడ తలెత్తకుండానే అడిగింది. "పళ్ళు పేర్చావా ఎప్పుడైనా? లేదా? అయితే ఎక్కడైనా పేర్చి రా." పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు. ఈ సామెత పుట్టించినవాడు తప్పకుండా ఉద్యోగానికి తిరిగి తిరిగి అలిసినవాడే అయ్యుంటాడు.

ఇక ఇంట్లో బావ. అక్క మొగుడు. ఎక్కడో "గెలుపు తరగతులు" అని పెడితే వెళ్ళొచ్చి, అప్పటినుంచి రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి "నేను పులిని! నేను పులిని!" అని గర్జించేవాడు. ఆ అరుపులకు పక్కింటి పిల్లి కాపురం మార్చేసింది. ఇంతా చేసి ఆ పులి ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ప్రస్తుతం గెలవడానికి సిద్ధమవుతోంది.

"మరదలా, నీలో కసి లేదు. అద్దంలో చూసుకుని నువ్వూ పులిని అను."

"అన్నాననుకో బావా. అప్పుడు ప్లాస్టర్ పులి కలుపుతుందా?"

"అదిగో, ఆ వెటకారమే నిన్ను పైకి రానివ్వడం లేదు."

"నిన్ను పైకి రానివ్వంది ఏంటో?"

వంటింట్లోంచి అమ్మ గరిటెతో గిన్నెను కొట్టింది. ఆ ఇంట్లో చర్చ ముగిసిందనడానికి అదే గుర్తు.

బావ చెప్పింది తప్పు. కసి ఆమెకు కావలసినంత ఉంది. ఆశ అనేది ఎప్పుడో చచ్చిపోయింది. పొద్దున్నే ఆమెను మంచం మీంచి లేపి, బస్సెక్కించి, ఆ మెట్లెక్కించేది ఒక్క చీదరింపే. తాను మానేస్తే "నాకు తెలుసులే, నిలబడే రకం కాదు" అని మాస్టరు పళ్ళికిలిస్తాడు. ఆ ఇకిలింపు అతనికి దక్కనివ్వకూడదు. ఆ కసే తిండిగా బతికింది ఆమె.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు దిగాక, పారేసిన దవడ ఒకటి తీసి, అంచులు విరిగిన పళ్ళు, రంగు కుదరక మిగిలిపోయిన పళ్ళు ఏరి, స్పిరిట్ దీపం మీద చాకు వేడిచేసి మైనంలో పేర్చుకునేది. సాయంత్రం దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. ఒకరోజు అమ్మ కడుగుదామని ఆ డబ్బా మూత తీసింది. లోపల్నుంచి ఒక నోరు నవ్వింది. అమ్మ వేసిన కేకకు వీధి వీధంతా వచ్చింది. "పిల్ల ఎవర్నో కొట్టి పళ్ళు రాలగొట్టి తెచ్చింది" అని ఒకరు, "ఆ మాస్టర్వే అయ్యుంటాయి" అని ఇంకొకరు. రెండోమాట విని పిండిబొమ్మ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మాస్టరు విద్య గురించి కూడా చెప్పాలి. అతనికి వచ్చింది ఒకే నవ్వు. గోడకున్న బొమ్మలో నోరు ఎలా ఉందో అలాగే, గీటుబద్ద పెట్టినట్టు, అందరికీ అదే. సందు ఉండకూడదు, వంకర ఉండకూడదు. "మన ల్యాబ్ నుంచి సందున్న పన్ను ఒక్కటి బయటికి పోలేదు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. ఫలితం ఏమైందంటే, ఊళ్ళో ఏ పెళ్ళి ఫొటో చూసినా ఆడపెళ్ళివాళ్ళ తాతా, మగపెళ్ళివాళ్ళ తాతా, వంటమేస్త్రీ ముగ్గురూ ఒకే తల్లి కడుపున పుట్టినట్టు నవ్వుతూ కనిపిస్తారు.

ఆ నవ్వు ఒక్క మనిషి దగ్గర చెల్లలేదు. అతను రిటైరైన బస్సు కండక్టరు. పైపళ్ళ సెట్టు తిప్పి పంపాడు. మళ్ళీ పంపితే మళ్ళీ తిప్పి పంపాడు.

"సెట్టులో దోషం లేదు. నోట్లోనే ఉంది" అని మాస్టరు డాక్టరుతో ఫోన్లో తెగేసి చెప్పి, సెట్టును బామ్మర్ది వైపు విసిరాడు. "కాస్త అరగదీసి పంపెయ్. ఏదో చేశామనుకుంటాడు."

బామ్మర్ది ఒక కన్ను సెల్‌ఫోన్ మీద, ఒక కన్ను పాలిష్ చక్రం మీద వేశాడు. చక్రం సెట్టును లాగి విసిరేసింది. అది కిటికీలోంచి ఎగిరి, కింద కొత్త సైకిల్ సీటును ఒక్క కాటు వేసి, రెండు ముక్కలైంది. ఆ సీటు మీద పళ్ళగాటు ఇప్పటికీ ఉంది.

మాస్టరు ఆరోజు కోటు వేసుకుని ఉన్నాడు. కట్టుడుపళ్ళ ల్యాబుల సంఘం వాళ్ళు అతనికి "ఉత్తమ చిరునవ్వు" షీల్డు ఇస్తున్నారు. తిట్టడానికి కూడా తీరిక లేదు. "అమ్మాయ్, కొత్త దవడ పోసి మైనం పరిచి ఉంచు. పళ్ళు నేనొచ్చి పేరుస్తా. నువ్వు చెయ్యి పెట్టకు" అని చెప్పి వెళ్ళాడు. బామ్మర్ది సైకిల్ షాపువాడికి దొరక్కుండా వెనక మెట్లమీదుగా మాయమయ్యాడు.

దవడ తయారయ్యేసరికి, బోసినోటితో రొప్పుతూ ఒక పెద్దాయన పైకొచ్చాడు. కండక్టరే.

"డాక్టరు ఇక్కడుందన్నాడు. నా సెట్టేదీ?"

"విరిగింది తాతగారూ."

"పీడా వదిలింది!" అంటూ స్టూలు మీద కూలబడ్డాడు. "అసలు ఎవరమ్మా ఆ పళ్ళు పేర్చిన మహానుభావుడు? నా ఈల మింగేశాడు."

"ఈలేంటి?"

"నా సర్వీసులో బస్సు గంట ముట్టుకోలేదమ్మాయ్ నేను. ముందుపళ్ళ సందులోంచి ఒక్క ఈల వేస్తే బస్సు ఆగాల్సిందే. మా బస్సేకాదు, పక్క రోడ్డు మీద బస్సులూ ఆగేవి. ఒకసారి రైలు ఆగింది."

"రైలా?"

"కొంచెం ఆలోచించి ఆగిందనుకో." కండక్టరు గొంతు తగ్గించాడు. "పోనీ బస్సు పోయింది. ఇంటి మెట్లెక్కుతూ ఈల వేస్తే మా ఆవిడ తలుపు తీసేది. పెళ్ళైనప్పట్నుంచీ అంతే. ఇప్పుడు తలుపు కొడితే ఎవరూ అంటోంది. తలుపు తీసి, నా మొహం చూసి, మళ్ళీ ఎవరూ అంటోందమ్మా! ఆ పళ్ళతో నవ్వితే ఎదురింటాయన అనుకుంటోంది. ఆయనకీ ఇక్కడే చేయించారులే."

పిండిబొమ్మ కిటికీ వైపు చూసింది. కుర్చీ ఖాళీగా ఉంది. చెయ్యి పెట్టకు అన్నాడు మాస్టరు. పెడితే ఉన్న స్టూలు కూడా పోతుంది. పెట్టకపోతే జన్మంతా స్టూలే. వెళ్ళి కుర్చీలో కూర్చుంది. ఏముందా కుర్చీలో అంటే ఏమీ లేదు, దిండు కూడా చిరిగిపోయింది. ఇంతకాలం తనను ఏడిపించింది ఈ చింకిదిండా అని ఆమెకు అసహ్యమేసింది.

దీపం వెలిగించింది. పళ్ళు పేర్చింది. ముందుపళ్ళ మధ్య చక్కగా, కొలిచినట్టు సందు పెట్టింది. మైనపు సెట్టును కండక్టరు నోట్లో పెట్టి, "ఊదండి తాతగారూ" అంది.

ఉఫ్‌మని గాలొచ్చింది. దీపం ఆరిపోయింది.

"చలికాచుకోవడానికి కూడా పనికిరాదు" అన్నాడాయన.

పిండిబొమ్మ మొహం మాడింది. తను పెట్టిన సందు మాస్టరు పెట్టే సందులాగే ఉంది, అతను ఎప్పుడైనా పెడితే. గీటుబద్ద సందు. చూస్తూ ఉండు అంటే ఆ దరిద్రాన్నే చూసి నేర్చుకుంది తను.

"మీ పాత పన్ను ఎలా ఉండేది? తిన్నగానా?"

"తిన్నగా ఎక్కడ? ఎడమది కాస్త అలిగినట్టు పక్కకి తిరిగి ఉండేది. నాలిక దాని వీపుకి ఆనించి ఊదేవాణ్ణి."

చాకు వేడిచేసి, ఎడమ పన్నును కొద్దిగా అలిగించింది. చాలలేదు. ఇంకొంచెం అలిగించింది. కండక్టరు కళ్ళు మూసుకుని, నాలిక ఆనించి, ఊదాడు.

కింద వీధిలో పోతున్న బస్సు కీచుమని ఆగింది. ఇద్దరు దిగిపోయారు కూడా. సైకిల్ షాపువాడు సాక్షి. వాడు ఊరికే ఒట్టేసే రకం కాదని కాకి విషయంలో చూశారు కదా.

సరిగ్గా ఆ ఈలకే మాస్టరు షీల్డు చంకన పెట్టుకుని మెట్లెక్కాడు. తన కుర్చీని చూశాడు. కుర్చీలో మనిషిని చూశాడు. కండక్టరు నోరు చూశాడు.

"సందు! నా ల్యాబ్‌లో సందు! ఎవరు లెమ్మన్నారు నిన్ను స్టూలు మీంచి? రేపట్నుంచి రాకు..."

కండక్టరు ఇంకో ఈల వేశాడు. మాస్టరు చేతిలోంచి ఉత్తమ చిరునవ్వు జారి కాలి మీద పడింది.

"అయ్యా, ఎవరు పేర్చారో గానీ బంగారం లాంటి చెయ్యి. మా పాత స్టాఫులో సగం మందికి ఈలలు పోయాయి. అందర్నీ పంపిస్తా ఇక్కడికి."

మాస్టరు మొహంలో కోపం వెళ్ళి లాభం కూర్చోవడం పిండిబొమ్మ దగ్గరుండి చూసింది. ఊసరవెల్లి అయినా కాస్త సమయం తీసుకుంటుంది.

"మరేమనుకున్నారు!" అన్నాడు మాస్టరు కాలు రుద్దుకుంటూ. "మా ల్యాబ్ ప్రత్యేకత అదే. నేను చెప్పినట్టే పెట్టావమ్మాయ్, శభాష్. ఇక లే, వెళ్ళి ప్లాస్టర్ కలుపు."

"పళ్ళు పేర్చేది ఇకనుంచి నేనేనా మాస్టారూ?"

"అనుభవం రావాలమ్మా. ఇంకొన్నాళ్ళు చూస్తూ ఉండు."

ఆమె లేచింది. తిట్టలేదు. తిట్టడానికి కూడా ఎదుటివాడికి ఓ స్థాయి ఉండాలి. ఆ సెట్టును తనే ఉడికించి, అప్పుడే తిరిగొచ్చిన బామ్మర్దిని చక్రం దరిదాపులకు రానివ్వకుండా తనే పాలిష్ పెట్టి, కండక్టరు నోట్లో బిగించాక, తలలోని ప్లాస్టర్‌ను మాస్టరు కుర్చీ మీద బాగా దులిపి, మెట్లు దిగింది.

"ఎక్కడికమ్మాయ్?" అన్నాడు కండక్టరు వెనకాలే దిగుతూ.

"వంతెన అవతలికి. ఇంకో ల్యాబ్‌కి."

"పద, నేనూ వస్తా. నేనుంటే బస్సు ఆపడం తేలిక."

కళ్ళద్దాలావిడ తలెత్తకుండానే అడిగింది. "పళ్ళు పేర్చావా ఎప్పుడైనా?"

పిండిబొమ్మ నోరు విప్పలేదు. పక్కనున్న నోరు విచ్చుకుంది. ఆ ఈలకు గదిలో పనిచేస్తున్నవాళ్ళంతా చాకులు కింద పెట్టేశారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, లేచొచ్చి కండక్టరు పైపెదవి ఎత్తి చూసింది. గుర్రాన్ని కొనేవాళ్ళు చూసినట్టు చూసింది.

"ఎడమది కావాలనే తిప్పావా, చెయ్యి జారిందా?"

"కావాలనే. మొదట తిన్నగా పెట్టి తప్పు చేశాను."

"హూఁ. ఈలలకి ఇక్కడ గిరాకీ లేదు. రేపు రా. కిటికీ పక్కన కుర్చీ ఒకటి ఖాళీ. కిందిసెట్టు పేర్చి చూపించు. నచ్చకపోతే మొహమాటం లేకుండా పొమ్మంటా."

"నచ్చకపోతే చెప్పండి, ఎందుకో అడిగి పోతా."

ఆవిడ నవ్వలేదు గానీ, స్టూలు సంగతి మాత్రం ఎత్తలేదు.

ఇంటికెళ్ళి చెబితే బావ మీసం దువ్వాడు. "చూశావా! పులి అనుకోమన్నానా లేదా? ఇదంతా నా మాటల ప్రభావమే." మాస్టరుకూ ఇతనికీ ఒకే ల్యాబ్‌లో అచ్చు తీసినట్టున్నారని పిండిబొమ్మ అనుకుంది. టిఫిన్ డబ్బాలోంచి దవడ తీసి అద్దం కింద అరలో పెట్టి పడుకుంది.

పొద్దున్నే బావ అద్దం ముందు నిలబడి, గుండెలనిండా గాలి పీల్చి, "నేను పు..." అని కిందికి చూశాడు. దవడ ఇకిలించింది. మిగతా గర్జన గొంతులోనే ఉండిపోయింది.

"ఒసేయ్, పొద్దున్నే ఏంటే ఆ దరిద్రం? తీసి పారెయ్" అని అమ్మ గరిటె ఎత్తింది.

"ఉండనీ అమ్మా" అంది పిండిబొమ్మ నల్లటి జడ బిగించుకుంటూ. "పులన్నాక పళ్ళుండాలి కదా."