అల్జియా పక్కకు జరిగిన పెళ్లి

అల్జియా చెయ్యి వణుకుతోందన్న మాట మొదట పుట్టింది జారా బజారులో, గోరింట పొడి గుట్టల వెనక కూర్చునే ఆడవాళ్ల మధ్య.

"పాపం, గీత తిన్నగా పోవడం లేదట. చుక్క పెడితే అలుక్కుపోతోందట" అంది ఒకామె.

"అందుకేగా ఆ నల్ల పిల్లని ముందు కూర్చోబెట్టి తను వెనక చేరింది! లేకపోతే అల్జియా ఎక్కడ, చోటు వదలడమెక్కడ?" అంది ఇంకొకామె.

ఖర్జూరపు తోటలు దాటి పక్కనున్న షెనిని పల్లె చేరేసరికి ఆ మాట ఇంకాస్త బలిసింది. అల్జియాకి ఒక వైపంతా పడిపోయింది, చెంచా కూడా పట్టలేదు, కోడలే కలిపి తినిపిస్తోంది అన్నారు. గాబెస్ ఊళ్లో సగం పెళ్లిళ్లకు గోరింట పెట్టిన మనిషి కదా, అయ్యో అనుకోని ఇల్లు లేదు.

ఆ నల్ల పిల్ల పేరు మబ్రూకా. ఈ మాటలు ఆమె చెవిన కూడా పడ్డాయి. అయితే ఆమె మాట్లాడే మనిషి కాదు, చూసే మనిషి. చిన్నప్పటి నుంచీ అంతే.

పెద్ద ఇళ్ల పెళ్లిళ్లకు మబ్రూకా తల్లిని పిలిచేవాళ్లు. అంతకు ముందు అమ్మమ్మని పిలిచేవాళ్లు. పెళ్లికూతురి ముందు ధూపం పట్టుకుని నడవాలి. నల్ల మనిషి ముందు నడిస్తే దిష్టి పెళ్లికూతురి దాకా రాదని నమ్మకం. డప్పు కొట్టి పాడాల్సిందీ, కుస్కుస్ పళ్లేలు మోయాల్సిందీ కూడా వాళ్లే. తిండి మాత్రం పెరట్లో. తల్లికి మోకాళ్ల నొప్పులు వచ్చాక మబ్రూకా బడి మానేసి ధూపపు కుంపటి అందుకుంది.

అలాంటి ఒక పెళ్లిలోనే అల్జియా ఆమెను చూసింది. గదిలో అల్జియా పెళ్లికూతురి చేతి మీద లత గీస్తుంటే, వాకిట్లో కూర్చున్న మబ్రూకా జల్లెడ పట్టిన రవ్వలో వేలితో అదే లత గీస్తోంది. పని ముగించి బయటికొచ్చిన అల్జియా వంగి చూసింది.

"ఆకు తలకిందులుగా వేశావే" అంది.

మబ్రూకా రవ్వ చెరిపెయ్యబోయింది. చెరపకుండానే, తల ఎత్తకుండా, "మీరూ అలాగే వేశారు ఖాల్తీ. ఎడమ చెయ్యి మీద" అంది. ఖాల్తీ అంటే పిన్ని.

అల్జియా లోపలికి వెళ్లి చూసుకుంది. తిరిగొచ్చి పొట్ట పట్టుకుని నవ్వింది. "రేపు మా ఇంటికి రా. ఆ కళ్లు దాచుకోకు" అంది.

అల్జియా ఉపదేశాలు చేసే మనిషి కాదు. నోరు మంచిది కూడా కాదు. మెచ్చుకోలు ఆమె దగ్గర ఉప్పుకన్నా తక్కువ దొరికేది. మబ్రూకా గీసిన మంచి గీతను చూసి, "ఊఁ, చూడొచ్చు" అనేది. అంతే. కానీ రొట్టెల కొట్టువాడు మబ్రూకా తల్లి నెత్తి మీదుగా చెయ్యి చాపి తనకు రొట్టె అందిస్తే పుచ్చుకునేది కాదు. "నీకు కళ్లు పోయాయిరా అబ్బాయ్? ఆమె నాకంటే ముందు నిలబడింది" అనేది. రోజూ అదే కొట్టు, రోజూ అదే మాట. కొన్నాళ్లకు ఆ కొట్టువాడికి కళ్లొచ్చాయి.

పెళ్లిళ్లలో ఆమెకు ఇంకో పద్ధతి ఉండేది. గదిలో ఎవరైనా "ఏయ్ వసీఫా, నీళ్లు తే" అని కేకేస్తే అల్జియా చేతిలోని పుల్ల పెళ్లికూతురి చేతి మీద నుంచి పైకి లేచేది. గిన్నెలో ముద్ద ఆరిపోతూ ఉండేది.

"వసీఫా అంటే దాసి. ఇక్కడ నాకు దాసి ఎవరూ కనబడడం లేదు. ఆ పిల్లకి పేరుంది. పిలిస్తే గీత ముందుకు సాగుతుంది."

పిలిచేవాళ్లు. పిలవక చేసేదేమీ లేదు. మొదలుపెట్టిన చేతే గోరింట ముగించాలి. మధ్యలో చెయ్యి మారితే కాపురం చీలుతుందని అక్కడి నమ్మకం.

మబ్రూకా పని నేర్చుకుంది. చెల్లెళ్ల చేతుల మీద, ఇరుగు పొరుగు పిల్లల చేతుల మీద, అల్జియా కోడలి పాదాల మీద గీసింది. పెళ్లికూతురి చేతి మీద మాత్రం గీయలేదు. పెళ్లికూతురికి పెట్టనిదే గోరింట పెట్టే మనిషి అని ఊళ్లో ఎవరూ అనరు. ఎంత నేర్చినా ధూపం మోసే పిల్లగానే మిగిలిపోతుంది. మబ్రూకాకు లోలోపల ఉన్న బెంగ అదొక్కటే.

హజ్జా బేయా కూతురు ఒల్ఫా పెళ్లి కుదిరినప్పుడు అల్జియా ముందే వెళ్లి చెప్పింది, మబ్రూకాని తీసుకొస్తున్నానని. హజ్జా "ఆఁ ఆఁ, తీసుకురా" అంది. ఏదో మొయ్యడానికి అనుకుంది.

గోరింట నాడు గది నిండా ఆడవాళ్లే, పాటలే. అల్జియా గుడ్డ పరిచి, గిన్నె మూత తీసి, పెళ్లికూతురి ఎదుట నుంచి పక్కకు జరిగింది. ఖాళీ అయిన చోటు మీద అరచేత్తో తట్టి, "కూర్చో మబ్రూకా" అంది.

మబ్రూకా కూర్చుని పుల్ల అందుకుంది. పాట ఆగిపోయింది.

"ఇదేంటి అల్జియా? దాన్ని ధూపానికి కదా పిలిచాం!" అంది హజ్జా బేయా.

"మీరు ధూపానికి పిలిచారేమో. నేను గోరింటకి తెచ్చాను."

"నల్ల చెయ్యి తగిలితే ఇంక గోరింట పండినట్టే!" అంది మూల నుంచి పెళ్లికూతురి మేనత్త. ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు.

అల్జియా అటు తిరిగింది. "అదేంటమ్మా, ముందు నడిస్తే దిష్టి పోతుంది, చెయ్యి పట్టుకుంటే తగులుతుందా? దిష్టి మీ ఇంటికి కొలబద్ద పట్టుకుని వస్తుందా, మోచెయ్యి దాకా మంచిది, అక్కణ్ణుంచి చెడ్డది అని?"

ఈసారి గదంతా నవ్వింది. హజ్జా బేయాకీ నవ్వాగలేదు. "సరేలే, అదీ నిజమే. దిష్టి తీసే చెయ్యి కదా, పెట్టనీ. మా ఒల్ఫా మీద ఎన్ని కళ్లున్నాయో" అంది.

అల్జియా గెలిచినదానిలా మబ్రూకా వైపు చూసింది. మబ్రూకా పుల్లను గిన్నె అంచున పెట్టేసింది.

"వద్దు హజ్జా" అంది.

అలాంటి ఇంట్లో ఆమె గొంతు ఎవరూ విన్నది లేదు. తనూ వినలేదు.

"ఏం వద్దు?"

"దిష్టికైతే నేను పెట్టను. దిష్టికి మా అమ్మమ్మ నడిచింది, మా అమ్మ నడిచింది, నేనూ నడిచాను. ఇవాళ గోరింట పెట్టడానికి వచ్చాను. నా గీత నచ్చితే పెట్టించుకోండి. నచ్చకపోతే ఖాల్తీ పెడుతుంది."

అల్జియా ముఖంలో నవ్వు ఆరిపోయింది. రెండు చేతులూ పైట కిందికి లాక్కుంది.

"ఖాల్తీ పెట్టదు" అంది. "దిష్టి మాట ఎత్తడం నాదే తప్పు హజ్జా. ఈ పిల్ల చెప్పిందే మాట. ఇది పెడితే పెట్టినట్టు, లేదంటే మేమిద్దరం ఇంటికి."

బయట మగపెళ్లివాళ్ల కానుకల బుట్టలు దిగుతున్నాయి. గిన్నెలో ముద్ద ఆరుతోంది. ఇక్కడి నుంచి లేచి వెళ్తే ఇంకో పెద్దింటి తలుపు తెరుచుకోదు. ఆ సంగతి మబ్రూకాకు తెలుసు, అయినా పుల్ల అందుకోలేదు.

"నీ గీత చూపించు" అంది పెళ్లికూతురు.

మబ్రూకా జుబ్బా చెయ్యి పైకి లాగి తన ఎడమ చెయ్యి చాపింది.

"నల్ల చేతి మీద ఏం కనబడుతుందే?" అంది మేనత్త.

"దగ్గరికొస్తే కనబడుతుంది అత్తా" అంటూ ఒల్ఫా ఆ చేతిని ఒళ్లోకి లాక్కుని వంగి చూసింది. మణికట్టు చుట్టూ దానిమ్మ మొగ్గల తీగ, ఒక మొగ్గకీ ఇంకో మొగ్గకీ మధ్య వెంట్రుకంత సందు. "నాకూ ఈ మొగ్గలే కావాలి" అని తన చెయ్యి చాపింది. "అమ్మా, నిలబడి చూస్తావేం? కూర్చో. ముద్ద ఆరిపోతోంది."

మొదటి చుక్క పడింది. ఇక చెయ్యి మార్చడానికి లేదు. హజ్జా బేయా కూర్చుంది. మేనత్త విసురుగా వంటింట్లోకి వెళ్లి, కాసేపటికి నీళ్ల వంకతో వచ్చి తొంగి చూసి, మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చింది.

పని ముగిశాక గోరింట పెట్టినామెకు ఆ గదిలోనే భోజనం పెట్టడం ఆచారం. హజ్జా బేయా కుస్కుస్ పళ్లెం తనే తెచ్చి మబ్రూకాకీ అల్జియాకీ మధ్య పెట్టింది. రెండు చెంచాలు తెచ్చింది.

ఆ తర్వాతే పుకారు పుట్టింది. చెయ్యి బాగున్న మనిషి తనంత తానుగా పక్కకు జరుగుతుందన్నది ఊరివాళ్ల ఊహకు అందలేదు. కొన్ని ఇళ్లవాళ్లు అల్జియాను పిలవడం మానుకున్నారు. పిలిచిన ఇళ్లకు ఇద్దరూ వెళ్లారు, మబ్రూకా గీసింది.

"బజారుకెళ్లి నిజం చెప్పిరానా ఖాల్తీ?" అని అడిగింది మబ్రూకా ఒకనాడు.

"ఏం చెప్తావ్? వణకనీ. నా చెయ్యి వణికితే నీకు పెళ్లికూతుళ్లు దొరుకుతారంటే రెండో చెయ్యి కూడా వణికిస్తా." ఇంకో మాట కూడా కలిపింది. "నా కోడలు తినిపిస్తోందన్న మాట మాత్రం పచ్చి అబద్ధమే. అది నాకు టీ చుక్క కూడా ఇవ్వదు."

వసంతంలో మబ్రూకా చెల్లెలి పెళ్లి జరిగింది, తోటల అవతల, నల్లవాళ్ల ఇళ్లున్న వీధిలో. పొద్దున్నే అల్జియా సంచీతో వచ్చి చాప మీద కూర్చుంది. పెళ్లికూతురి రెండు చేతులకూ రెండు పాదాలకూ మధ్యాహ్నం దాకా తానే గోరింట పెట్టింది. దారం పరిచినట్టు ఉంది గీత. పుకారు చెప్పినవాళ్లలో ఒక్కరూ ఆ పెళ్లికి రాలేదు.