కోయకుండా వదిలిన జాకెట్లు

ఫ్యాన్ మోతలో నా మాట వినబడదు, కాస్త ఇటు జరిగి కూర్చోండి. చదువు నాలుగో తరగతితో ఆగింది గాని, చూసింది మరచిపోయే అలవాటు నాకు లేదు.

కరోనా తగ్గాక టూరిస్టు బోట్లు మళ్ళీ నడిచిన మొదటి ఏడాది అది. మా దీవుల్లోనే, బాంబూఫ్లాట్‌లో ఒక బోట్ల కాంట్రాక్టరు దగ్గర, లైఫ్ జాకెట్ల స్టోరులో నేను మేస్త్రీని. నా పైన సూపర్‌వైజరు, కింద ఇద్దరు కుట్టేవాళ్ళు. వానలకు ముందు ప్రతి జాకెట్‌కూ ఇనుప బరువు కట్టి నీళ్ళ తొట్టిలో ఒక రోజంతా ఉంచేవాళ్ళం. తేలితే బోటుకు, మునిగితే కండెమ్, అంటే ఇక పనికిరాదని పక్కన పెట్టడం. లోపలి స్పాంజి పాతబడి నీళ్ళు పీల్చేస్తే, పైకి ఎంత బాగున్నా మునుగుతుంది. కండెమ్ చేసినదాన్ని అలాగే పారేయకూడదు. పట్టీలు తెగ్గోసి, రొమ్ము దగ్గర కత్తితో అడ్డంగా చీల్చాకే స్టోరు దాటించాలి. అది నా చేతి పని.

ఆ ఏడు ముప్పై కండెమ్ అయ్యాయి. వాటికోసం రేవతి వచ్చింది. ప్రోతరాపూర్ పిల్ల, మాలాగే తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. శిల్పి. రాయి ముట్టదు, బకెట్లు, ప్లాస్టిక్ కుర్చీలు, చెప్పులు, జనం వాడి పడేసేవే ఆమెకు రాయి. ఈసారి జాకెట్లను వరసగా నిలబెట్టి, ఒక్కోదాని ముందు సెల్‌ఫోను వెలిగించి, మనుషులు లేని క్యూ చేస్తానంది.

“రక్షణ కొనుక్కుని నిలబడ్డాం, లోపల మనమే లేం. అది చూపిస్తా పిన్నీ.”

“చూపించు. కోసి ఇస్తాను.”

“కోస్తే చెత్తలా ఉంటాయి. దేఖో, చూసినోడికి తొడుక్కోవాలనిపించాలి. దగ్గరకొస్తేనే భయమెయ్యాలి.”

“రూల్ ఒప్పుకోదే.”

“సముద్రంలో వేస్తానా ఏంటి? హాల్లో పెడతా. నీ కత్తికి ఒక్కసారి ఛుట్టీ ఇవ్వు.”

నవ్వాను. కోయలేదు. అంతటితో ఆగినా బాగుండేది. చిరిగిన పట్టీలు తీసేసి నేనే కొత్తవి వేశాను, నాలుగు వరసల కుట్టు. రేవతి నారింజ రంగు పూసింది. రిజిస్టరులో మాత్రం అన్నీ కోసినట్టు సంతకం పెట్టాను.

అబర్డీన్ బజార్ దగ్గర ఒక హాల్లో వాటిని పది రోజులు ఉంచారు. జనం సెల్ఫీలు దిగారు. తరువాత రేవతి ఇంకో పనిమీద చెన్నై వెళ్ళింది. హాలు ఖాళీ చేయమని తొందర వస్తే, కాపలావాడు జాకెట్లను అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశాడు. మంచి చేస్తున్నాననే అనుకున్నాడు. మా వీధిలో చేపలు పట్టే ఎర్రయ్యకు ఒకటి దక్కింది.

వానల్లో అతని డింగీ, చిన్న పడవ, బోల్తా పడింది. తోటివాడు అప్పన్నకు జాకెట్ లేదు. తిరగబడ్డ డింగీనే కరుచుకుని బతికాడు. అతనే చెప్పాడు: “పట్టుకోరా బాబూ అని అరిచాను దీదీ. ‘నాకు జాకెట్ ఉంది భయ్యా, ఒడ్డుకెళ్ళి బోటు తెస్తాను, నువ్వుండు’ అని చెయ్యొదిలేశాడు.”

ఎర్రయ్య శవాన్ని బయటికి తీశాక, ఒంటి మీది జాకెట్ ఎక్కడిదో చెప్పమని పోలీసులు నన్ను పిలిచారు. నీళ్ళు తాగి బండరాయిలా ఉంది. పట్టీ ఊడలేదు. ఎర్రయ్య ఒంటి మీంచి తీయడానికి దాన్ని కోయవలసి వచ్చింది.

నా సంతకం అబద్ధమని ఆ పూటే సూపర్‌వైజరుకు చెప్పాను, పోలీసులకు రాసిచ్చాను. రేవతి మరుసటి విమానానికి వచ్చింది. ఇద్దరం జెట్టీలు, ఇళ్ళు తిరిగి మిగతావి అడిగాం. “కొత్తదాన్లా ఉంది కదా దీదీ, ఎందుకు కోస్తావు?” అని ఒకామె ఇవ్వనంది. తొట్టిలో వేసి మునిగేదాకా చూపించాం. ఎర్రయ్య గుమ్మం ముందు నుంచే రోజూ వెళ్ళాం. అతని భార్య మమ్మల్ని తిట్టలేదు, మా వైపు చూడనూ లేదు. ఇరవై ఎనిమిది దొరికాయి, కోశాం. ఒకటి ఏ డింగీలో ఉందో ఇప్పటికీ తెలియదు.

ఆ ఏడాదితో నా ఉద్యోగం ముగిసింది. ఆ పని నాకు నేర్పింది ఇంతే. ప్రాణం కాపాడలేని వస్తువు, కాపాడలేనట్టే కనబడాలి. మనం ఎవరికిచ్చామన్నది చూసుకుంటే చాలదు; వాళ్ళ చేయి దాటాక అది ఎవరి ఒంటి మీదకు పోతుందో కూడా మన పనిలో భాగమే.

మీ ఇంటినుంచి నీళ్ళ మీదకు వెళ్ళినవాళ్ళంతా క్షేమంగా తిరిగొచ్చి మీ పక్కన కూర్చుని అన్నం తినాలి. మీ ఇల్లు పచ్చగా ఉండాలి.